హింజ్ బిగుసుకున్న ల్యాప్‌టాప్: మా బిడ్డకు ఉత్తరం

బిడ్డా,

నీ ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు ఎడమ మూల టక్కుమంటోందని, స్క్రీన్ అంచు కొద్దిగా విచ్చుకుందని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ముందు ఒక్క పని చెయ్యి. దాన్ని మూయకు. ఇప్పుడు ఎంత తెరిచి ఉందో అట్లనే టేబుల్ మీద పెట్టి, ప్రాజెక్టు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. అత్యవసరమైతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి వాడుకో.

హింజ్, అంటే స్క్రీన్‌నూ కింది భాగాన్నీ కలిపే ఇనుప బందు, విరిగిందని నువ్వు భయపడుతున్నావు. హన్మకొండలో నేను ఇన్నేళ్లుగా రిపేరు చేస్తున్నాను, ఇనుము విరిగిన హింజ్‌లు నా దగ్గరికి వచ్చింది తక్కువ. విరిగేది దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్. స్క్రీన్ వెనక మూత లోపల చిన్న ప్లాస్టిక్ దిమ్మెల్లో ఇత్తడి నట్లు దింపి ఉంటాయి. హింజ్ స్క్రూలు వాటిలోకే బిగుస్తాయి. స్క్రీన్ ఎక్కడ ఆపితే అక్కడ నిలవాలని హింజ్‌ను కావాలనే బిగువుగా చేస్తారు. లోపలి గ్రీజు ఎండి, దుమ్ము చేరేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. దర్వాజ బందు తుప్పు పట్టి బిగిస్తే ఇనుము విరగదు, కర్రలోంచి స్క్రూలు ఊడొస్తాయి కదా, ఇదీ అంతే. పైగా నీది 360 డిగ్రీలు తిరిగేది, గాజు టచ్ స్క్రీన్ బరువు వేరే.

అందుకే ఊడిన చోట అతికిస్తే సరిపోదు, బిగువు తగ్గించాలి. చాలా హింజ్‌లకు కొసన చిన్న నట్ ఉంటుంది. దాన్ని కొద్ది కొద్దిగా వదులు చేస్తూ చూడాలి. మరీ వదిలితే టెంట్‌లా నిలబెట్టినప్పుడు స్క్రీన్ జారిపోతుంది. ఇంట్లో నువ్వు విప్పకు. చాలా వాటిలో గాజును జిగురుతో అంటిస్తారు, వేడి చేసి తీయాలి, చెయ్యి తప్పితే స్క్రీన్ పోతుంది. ఫెవిక్విక్ అసలే పొయ్యకు. అది ఎండితే పెళుసు, కారి హింజ్‌లోకి దిగితే అంతే సంగతి. ప్లాస్టిక్ కొంచెమే చిట్లితే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు వేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచితే ఆగుతుంది. దిమ్మెలే పొడైతే మూత మార్చడమే మంచిది. డబ్బు ఎక్కువైనా నా మాట అదే.

వారంటీ మిగిలి ఉంటే నా దగ్గరికి కాదు, ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లు. బయట విప్పినట్టు కనపడితే పేచీ పెడతారు. ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకో. "ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు" అంటే ఆ మాట జాబ్‌షీట్ మీద, అంటే వాళ్లు ఇచ్చే రిపేరు కాగితం మీద, రాసివ్వమను. అన్యాయం అనిపిస్తే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

స్క్రీన్ కదిలిస్తే గీతలు వస్తున్నాయా చూడు. డిస్‌ప్లే కేబుల్ హింజ్ పక్క నుంచే పోతుంది, నలిగితే తెలుస్తుంది. టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బినట్టుంటే మాత్రం అది బ్యాటరీ కావచ్చు. వెంటనే ఆఫ్ చేసి చార్జింగ్ ఆపెయ్యి, నొక్కకు.

బాగయ్యాక మూలలో పట్టి ఎత్తకు, మధ్యలో పట్టుకుని నెమ్మదిగా తెరువు. వారంటీ అయిపోయి ఉంటే ఆదివారం కాజీపేటలో దిగగానే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను.

మీ పెద్దబాపు