1950ల నాటి బ్రిటన్‌లో క్రిస్మస్ రోజు రేడియోలో ఏమేం వచ్చేవి? ఇంటిల్లిపాదీ నిజంగా కూర్చుని వినేవారా?

రోజంతా కూర్చుని ఎవరూ వినేవారు కాదండీ, ముందు ఆ మాట చెప్పేస్తాను. సినిమాల్లో చూపించినట్టు పొద్దుట్నుంచీ అందరూ సెట్టు చుట్టూ చేరడాలేం ఉండేవి కావు. సెట్టు మానాన సెట్టు మోగుతుండేది, వంటింట్లో పని మానాన పని జరుగుతుండేది. మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఇల్లంతా ఆగిపోయేది.

నేను ఇంగ్లండ్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తాను. క్రిస్మస్‌కి ఇక్కడివాళ్లు సెలవు అడుగుతారు కాబట్టి ఆ డ్యూటీ ఎక్కువగా మాలాంటి వాళ్లకే పడుతుంది, నాకూ ఇబ్బంది లేదు, సంక్రాంతికి వాళ్లు నాకు సర్దుతారు. భోజనాలయ్యాక ఎనభై దాటినవాళ్లు చెప్పుకునే కబుర్లు వింటూ పోగుచేసుకున్నదే ఇదంతా, తేదీలూ పేర్లూ మాత్రం తర్వాత సరిచూసుకున్నాను.

అప్పట్లో రేడియో అంటే బీబీసీయే (రాత్రిపూట లక్సెంబర్గ్ స్టేషన్ కోసం ముల్లు తిప్పే కుర్రకారు సంగతి వేరు). వార్తలకీ, ప్రార్థనలకీ, నాటకాలకీ హోమ్ సర్వీస్. పాటలకీ, హాస్యానికీ 1945లో మొదలైన లైట్ ప్రోగ్రామ్. శాస్త్రీయ సంగీతం, గంభీరమైన ప్రసంగాలు ఇష్టపడేవాళ్లకి 1946లో వచ్చిన థర్డ్ ప్రోగ్రామ్. పండగ పూట ఆ మూడోది పెట్టిన ఇల్లు మా హోమ్‌లో ఎవరికీ గుర్తులేదు! ముందురోజు సాయంత్రం కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్ నుంచి క్రిస్మస్ గీతాలు వచ్చేవి. 1928లో మొదలైన ఆ ప్రసారం మధ్యలో 1930లో ఒక్కసారి తప్పింది, యుద్ధంలో కూడా ఆగలేదు. మనకి ఉగాది పొద్దున పంచాంగ శ్రవణం ఎలాగో వీళ్లకి అదలాగ, చెవిన పడితే గానీ పండగ వచ్చినట్టుండదు.

లింకన్‌షైర్ పొలాల మధ్య పెరిగిన ఒక మామ్మ ఉంది. వాళ్లింటికి అప్పటికింకా కరెంటు లేదు. రేడియో నడవాలంటే యాసిడ్ నింపిన గాజు బ్యాటరీ కావాలి, దాన్ని ఊళ్లో గ్యారేజీకి మోసుకెళ్లి ఛార్జింగ్ పెట్టించుకు రావాలి. ఆ పని పిల్లలది. కాలికి తగలకుండా చెయ్యి బార్లా చాపి పట్టుకుని నడవాలట, లేకపోతే యాసిడ్ చింది మేజోళ్లకి చిల్లులు పడతాయి. పండగ వారంలో వాళ్ల నాన్న పండగ రోజు వచ్చేదాకా సెట్టు ముట్టుకోనిచ్చేవాడు కాదు, సరిగ్గా మూడింటికి బ్యాటరీ చచ్చిపోతే ఎలా అని ఆయన టెన్షన్.

మూడింటికి వచ్చేది రాజుగారి సందేశం. 1932లో ఐదో జార్జ్ రాజకుటుంబపు సాండ్రింగ్‌హామ్ ఇంటి నుంచి మొదలుపెట్టాడు, ఆ ప్రసంగం రాసిచ్చింది రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. మూడు గంటలే ఎందుకంటే, షార్ట్‌వేవ్ మీద సామ్రాజ్యంలోని ఎక్కువ దేశాలకి ఒకేసారి అందడానికి అదే వీలైన వేళ. తర్వాత రాజైన ఆరో జార్జ్‌కి నత్తి. లైవ్ ప్రసారం, తడబడితే దాచుకోవడానికి లేదు. అందుకే ఆయన మాట్లాడుతున్నంతసేపూ పెద్దవాళ్లు వింటున్నట్టు కాకుండా, పరీక్ష రాస్తున్న కొడుకు కోసం బయట కాచుకుని ఉన్నట్టు ఉండేవారని మామ్మ అంటుంది. ఒక్కోచోట ఆగేవాడు, ఆ మాట బయటికొచ్చేదాకా వాళ్లమ్మ ఏప్రన్ అంచు నలుపుతూ ఉండేది.

1951 పండగ మామ్మకి బాగా గుర్తు. ఆ సెప్టెంబర్‌లో రాజుకి ఊపిరితిత్తి ఆపరేషన్ అయింది, లైవ్‌లో మాట్లాడే ఓపిక లేక కొంచెం కొంచెంగా ముందే రికార్డు చేయించారు. గొంతు బొంగురుపోయి, బలహీనంగా వచ్చిందట. వాళ్ల నాన్న సెట్టు కట్టేసి, "ఈయన ఇంకెన్నాళ్లో ఉండడు" అన్నాడు, పండగ పూట ఆ మాటేంటని వాళ్లమ్మ తిట్టింది. ఫిబ్రవరి 6న ఆయన పోయాడు. మరుసటి క్రిస్మస్‌కి కూతురు ఎలిజబెత్ అదే ఇంట్లో, తండ్రీ తాతా వాడిన బల్లా కుర్చీలోనే కూర్చుని మాట్లాడింది.

సందేశం అయ్యాక జాతీయగీతం, కొన్ని ఇళ్లలో లేచి నిలబడేవారు. ఆ తర్వాతే అసలు పండగ! మిగతా రోజంతా లైట్ ప్రోగ్రామ్‌దే. హాస్యం గురించి అడిగితే అందరి నోటా వచ్చే పేరు 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ'. పీటర్ బ్రఫ్ అనే ఆయన, చేతిలో ఆర్చీ అనే మాట్లాడే బొమ్మ, పెదవులు కదపకుండా బొమ్మ మాటలు కూడా ఆయనే మాట్లాడాలి. రేడియోలో బొమ్మ ఏంటండీ, పెదవి కదిలిందో లేదో ఎవడు చూడొచ్చాడు? అదే అడిగితే మా హోమ్‌లోని తాతగారొకాయన "అందుకే రేడియోలో బాగుండేది, టీవీలోకొచ్చాక పెదవులు కదులుతూ కనబడ్డాయి" అని పడీపడీ నవ్వాడు. హాస్యనటుడు టోనీ హాన్‌కాక్, తర్వాత సినిమా తార అయిన జూలీ ఆండ్రూస్ చిన్నప్పుడు, కూడా ఆ షోలో చేసినవాళ్లే.



ఈ రేడియో పండగ ఎప్పుడు చెదిరిందంటే, 1957లో రాణి సందేశం మొదటిసారి టీవీలో వచ్చింది. అది ఒక్కరోజులో జరిగింది కాదు, 1953 పట్టాభిషేకం అప్పుడే చాలామంది టీవీ కొన్నారు. రేడియో మెల్లగా వంటింట్లోకి చేరింది.

మీరు స్వయంగా చూడాలంటే బీబీసీ జీనోమ్ అనే సైటులో పాత 'రేడియో టైమ్స్' పత్రిక కార్యక్రమాల పట్టికలు ఏ తేదీకి ఆ తేదీ దొరుకుతాయి. 1951 డిసెంబర్ 25 వెతకండి, హోమ్, లైట్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. పట్టికలో ఉన్నవన్నీ వినొచ్చనుకోకండి, లైవ్‌లో వెళ్లిపోయినవి చాలా వాటికి రికార్డింగే లేదు.