ఒక్క వాయిదా తప్పినవారికి నాలుగు వాయిదాల కంపెనీ ఎందుకు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం మానేసి వరంగల్‌లో ఇంటి నుంచే ఇద్దరు విదేశీ క్లయింట్లకు స్ట్రక్చరల్ డిజైన్లు చేసి పంపుతున్నాను. 2025-26లో 28 లక్షలు వచ్చాయి. ఒక క్లయింటు 40 రోజులు ఆలస్యం చేయడంతో మార్చిలో అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే కట్టాల్సిన ఆదాయపు పన్ను) కట్టలేకపోయి, జులైలో వడ్డీతో కలిపి 98,280 రూపాయలు క్రెడిట్ కార్డుతో కట్టాను. కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) గానీ పెడితే పన్ను తగ్గుతుందని మిత్రులు అంటున్నారు. ఆఫీసుకు, కంప్యూటర్లకు 6 లక్షల బిజినెస్ లోన్ కూడా తీసుకోవాలనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: సొంతంగా పని మొదలుపెట్టినవారిలో చాలామంది చేసే పొరపాటు మీ ఉత్తరంలో స్పష్టంగా కనిపిస్తోంది. గడువు నాటికి పన్ను డబ్బు చేతిలో లేకపోతే, లోపం సంస్థ రూపంలో ఉందనుకుంటారు. మీరు జతచేసిన బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. ఫిబ్రవరి 9న 2.4 లక్షలు జమ అయ్యాయి. ఇంటి లోన్ ఈఎంఐ, పాప స్కూలు ఫీజు, డిజైన్ సాఫ్ట్‌వేర్ చందా, అమ్మగారి కంటి ఆపరేషన్ అన్నీ అదే ఖాతా నుంచి వెళ్లగా, 16వ తేదీకి మిగిలింది 11,400. ఆ జమలో ప్రభుత్వానికి చెందాల్సిన వాటా కూడా ఉందన్న గుర్తు ఎక్కడా లేదు.

నిజానికి మీ పన్ను భారం చాలా తక్కువ. ఇంజినీరింగ్ వృత్తి కాబట్టి, పాత చట్టంలో 44ఏడీఏగా అందరికీ అలవాటైన పద్ధతిలో వసూళ్లలో సగాన్ని, అంటే 14 లక్షలను ఆదాయంగా చూపారు; కొత్త విధానంలో దానిపై పన్ను, సెస్సు కలిపి 93,600. లక్ష వస్తే అందులో 3,400 కూడా కాదు. ఎల్‌ఎల్‌పీకి ఈ సౌకర్యం లేదు, పైగా దాని లాభంపై పన్ను 30 శాతం. కంపెనీ పెడితే టర్నోవరు ఎంత తక్కువైనా ఆడిట్ తప్పదు, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. మీకిప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15న ఒక్కసారే. కంపెనీకైతే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో నాలుగు వాయిదాలు. అందువల్ల ప్రస్తుతానికి మీ పేరు మీదే కొనసాగండి.

ఇక కార్డు సంగతి. ఆలస్యానికి ఆదాయపు పన్ను శాఖ వేసే వడ్డీ నెలకు 1 శాతం. కార్డు బాకీపై అది సాధారణంగా మూడున్నర శాతం దాకా ఉంటుంది. నెలకు 936 రూపాయల వడ్డీని ఆపడానికి దాదాపు 3,400 వడ్డీని నెత్తికెత్తుకున్నారు, ఇప్పుడు మినిమమ్ డ్యూ కడుతూ నెట్టుకొస్తున్నారు. దాని మీద ఇంకో 6 లక్షల అప్పు అంటే నాకు ఓపిక నశిస్తోంది. కంపెనీ పేరున తీసుకుంటే ఇల్లు క్షేమమని అనుకోకండి. ఇంత చిన్న సంస్థకు హామీ లేని అప్పు ఇచ్చేవారు డైరెక్టరు వ్యక్తిగత పూచీ అడుగుతారు, మీరు సంతకం పెట్టగానే ఆ ‘లిమిటెడ్’ అన్న మాట మీ విషయంలో అక్కరకు రాదు. ఇంటి నుంచి చక్కగా సాగుతున్న పనికి అద్దె ఆఫీసు ఎందుకో కూడా మీరు రాయలేదు.

మీకు లేనిది అత్యవసర నిధి. జీతగాడికి ఆరు నెలల ఖర్చు చాలునేమో గానీ, ఇద్దరే క్లయింట్లున్న మీకు తొమ్మిది నెలలది కావాలి. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 1.1 లక్షలని రాశారు కాబట్టి అది 9.9 లక్షలు. ముందు కార్డు బాకీ పూర్తిగా తీర్చండి, ఆ తర్వాత నెలకు 45 వేల చొప్పున పక్కన పెడితే 22 నెలల్లో సమకూరుతుంది. దాన్ని స్వీప్-ఇన్ డిపాజిట్‌లోనో (పొదుపు ఖాతాకు జోడించిన ఫిక్స్‌డ్ డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఏది ఎంచుకున్నా నాకు పట్టింపు లేదు, ఉండటమే ముఖ్యం. అది మార్చిలోనే ఉండి ఉంటే, క్లయింటు 40 రోజులు ఆలస్యం చేసినా పన్ను గడువులోనే కట్టేవారు, మీరు నాకు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. పన్ను కోసం మాత్రం వేరే పొదుపు ఖాతా తెరిచి, డబ్బు జమ అయిన రోజే అందులో 5 శాతం అటు మార్చండి, దానికి డెబిట్ కార్డు తీసుకోకండి.

ఉద్యోగంతో పాటే గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోయినట్టుంది. కుటుంబానికి ఒకటి, అమ్మగారికి విడిగా ఒకటి ఈ నెలలోనే తీసుకోండి. వసూళ్లు 20 లక్షలు దాటినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఊసెత్తలేదు. విదేశీ క్లయింట్లే అయినా అది తప్పనిసరి. ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే జీఎస్టీ కట్టకుండానే బిల్లు ఇవ్వవచ్చు. జరిగిన ఆలస్యం గురించి మీ ఆడిటరును ఈ వారమే కలవండి. వసూళ్లు 75 లక్షలకు చేరువైనప్పుడో, భాగస్వామి డబ్బు పెడతానని వచ్చినప్పుడో కంపెనీ గురించి మళ్లీ రాయండి.