తూటా తగల్లేదు కదా, ఓడ ఎందుకు పేలింది?

ప్రశ్న: మారతహళ్ళిలో ఉంటాను, వయసు 41. ఆఫీసు అయ్యాక పాత ఆర్కేడ్ తరహా బుల్లెట్ హెల్ ఆట (తెర నిండా కురిసే తూటాల మధ్య మన ఓడను నడపాలి) ఒకటి లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఆడుతున్నాను. తప్పించుకున్నాననుకున్న తూటా కూడా తగులుతోంది. పైగా ఎడమ వైపు ఏటవాలుగా పైకి వెళ్తూ స్పేస్ నొక్కితే ఫైర్ అవ్వదు. మా అబ్బాయేమో ‘నీకు వయసైపోయింది నాన్నా’ అంటున్నాడు. గేమింగ్ లాప్‌టాప్ కొనాలా?

జవాబు: కొనకండి. అబ్బాయి మాట కూడా అప్పుడే ఒప్పుకోకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది టీవీది. లాప్‌టాప్ నుంచి వచ్చిన బొమ్మను టీవీ ఉన్నదున్నట్టు చూపించదు. రంగులు దిద్ది, కదలికలు నునుపు చేసి అప్పుడు తెర మీద పెడుతుంది. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ పట్టదు. మీ ఆట సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు తినేసిందనుకోండి, మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి తూటాలను. అసలు తూటా ఈపాటికి మీ నెత్తిమీదే ఉంది! టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. ఒక జాగ్రత్త: చాలా టీవీల్లో ఈ సెట్టింగు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. నేను ఒకటో పోర్టుకు గేమ్ మోడ్ పెట్టి, వైరు రెండో దాంట్లో గుచ్చి, వారం రోజులు నా వేళ్లనే తిట్టుకున్నాను.

రెండోది కీబోర్డుది. మీటల కింద తీగలు అడ్డంగా, నిలువుగా గళ్లలా ఉంటాయి. కొన్ని మీటలు మూడు కలిపి నొక్కితే ఏవి నొక్కారో కీబోర్డు తేల్చుకోలేక మూడోదాన్ని వదిలేస్తుంది. పై బాణం, ఎడమ బాణం, స్పేస్ అనే ముగ్గురికీ చాలా కీబోర్డుల్లో పడదు. నోట్‌ప్యాడ్ తెరిచి ఆ రెండు బాణాలూ నొక్కి పట్టి ఒక్కో అక్షరం కొట్టి చూడండి. పడిన అక్షరం ఏదైనా సరే, ఫైర్ దానికి మార్చుకోండి. జపాన్‌లో జున్యా ఓటా అనే ఆయన ప్రోగ్రామూ బొమ్మలూ సంగీతమూ ఒక్కడే చేసుకుంటూ తెచ్చిన టోహో ఆటల్లో జెడ్‌తో కాల్పులు, ఎక్స్‌తో బాంబు (తెర మీది తూటాలను తుడిచేసేది), షిఫ్ట్ పట్టుకుంటే నెమ్మది నడక. మీకూ ఆ ఏర్పాటే నా సలహా. లేదంటే మన బెంగళూరు ఎస్పీ రోడ్డులో మామూలు వైరు గేమ్‌ప్యాడ్ ఒకటి తెచ్చుకోండి, చాలు.

ఇవి రెండూ సరిచేశాక కూడా చస్తారు. అది మాత్రం ఆట తప్పు కాదు. 1993లో తోవాప్లాన్ కంపెనీ తెచ్చిన బట్సుగన్ ఆటను బుల్లెట్ హెల్ తరహాకు మొదటిదని చాలామంది అంటారు. ఆ కంపెనీ మూతపడ్డాక అక్కడివాళ్లు పెట్టిన కేవ్ అనే కంపెనీ 1995లో దొన్‌పాచి ఆట తెచ్చింది. తెర నిండా చుక్కల ముగ్గు పెట్టినట్టు తూటాలు రావడం వీటితోనే అలవాటైంది. అంత ముగ్గులో మనిషి ఎలా దూరతాడంటారా? ఓడ బొమ్మ పెద్దదే గానీ, తగిలితే చచ్చే చోటు దాని నడుమ కొన్ని పిక్సెళ్లే. రెక్కల మీంచి తూటా దూసుకుపోయినా ఏమీ కాదు. చాలా ఆటల్లో నెమ్మది నడక మీట పట్టుకుంటే ఆ చుక్క కనిపిస్తుంది. ముగ్గును వదిలేసి, ఆ చుక్కనూ దాని ముందున్న సందునూ చూడండి.

కొత్తవాళ్లు చేసే తప్పు భయపడి తెర ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తడం. మీ మీదకు గురిపెట్టి వదిలే తూటాలు, వదిలిన క్షణాన మీరున్న చోటికే వస్తాయి. కాబట్టి మీటను టక్ టక్ మని తడుతూ ఒక్కో అడుగు పక్కకు జరగండి, వరుస మొత్తం మీ వెనకాలే పోతుంది. అంచు దగ్గరపడ్డాక ఒక్కసారి చటుక్కున దాటి వెనక్కి రండి. ఇక బాంబులంటారా, పెళ్లికి దాచిన పట్టుచీరల్లా దాచకండి. మూడు బాంబులు చేతిలో ఉండగా చావడం నాకూ అలవాటే, సిగ్గుపడుతూనే చెబుతున్నా.

ప్రశ్న: కోరమంగళలో పీజీలో ఉంటున్నాను. కొత్త లాప్‌టాప్‌లో పాత షూటర్ ఒకటి పిచ్చి వేగంతో పరిగెడుతోంది. వైరస్సా?

జవాబు: కాదు. కొన్ని పాత ఆటలు కాలాన్ని గడియారంతో కాక తెర ఫ్రేములతో లెక్కపెడతాయి. మీ తెర 144 హెర్ట్‌జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) అయితే 60 కోసం రాసిన ఆట 2.4 రెట్ల వేగంతో నడుస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు 60కి దించి ఆడండి. అయ్యాక మళ్లీ పెంచుకోవడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి స్టీమ్‌లో (ఆన్‌లైన్ ఆటల దుకాణం) కొన్న షూటర్ మరీ కష్టంగా ఉందంటోంది. డబ్బు వెనక్కి వస్తుందా? - వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మ

జవాబు: కొని 14 రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటల లోపే అయితే అడగవచ్చమ్మా. కానీ ముందు ఈజీ మోడ్ పెట్టి చూడమనండి. ఈ ఆటల్లో చాలావాటికి మొదటి నుంచి చివరిదాకా అరగంటే పడుతుంది, రెండు గంటల లోపే మూడు నాలుగు సార్లు ప్రయత్నించవచ్చు. అప్పటికీ నచ్చకపోతే ఆ గడువులోనే రిఫండ్ నొక్కేయండి.