అటక మీది స్పెక్ట్రమ్‌కి కరెంటు ఇచ్చే ముందు

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. అది సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్, 48కె మెమరీ ఉన్న రకం. మీ నాన్న లండన్ నుంచి తెచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఆత్రంకొద్దీ ప్లగ్గులో పెట్టెయ్యకు. ఈ ఉత్తరం మొత్తం చదివాకే దాని మీద చెయ్యి వెయ్యి.

1982 ఏప్రిల్‌లో ఇది బయటికొచ్చినప్పుడు 16కె ధర 125 పౌండ్లు, 48కె ధర 175. అదే కాలంలో బ్రిటన్ బడుల్లో వాడిన బీబీసీ మైక్రో బి మోడల్ 399 పౌండ్లకు చేరింది. రంగులు చూపించే కంప్యూటర్‌ను అందులో సగం కన్నా తక్కువకి ఇవ్వాలంటే లోపల ఎన్నిచోట్ల పొదుపు చేసి ఉండాలో ఊహించు. కోఠీలో రిపేరు బల్ల ముందు కూర్చున్నన్నాళ్లూ నాకు ఈ మెషిన్ నేర్పింది అదే. తయారుచేసినవాళ్లు డబ్బు ఎక్కడ మిగిల్చారో తెలిస్తే, జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ముందు ఎలిమినేటర్ సంగతి. దీనికి 9 వోల్టుల డీసీ కావాలి, 1.4 ఆంపియర్లు. మన బజార్లో దొరికే వాటిలో చాలావాటికి పిన్ను లోపలి భాగం ప్లస్. దీనికి మాత్రం లోపల మైనస్, బయట ప్లస్. తిరగేసి పెట్టావంటే మెషిన్ పోతుంది. పాత ఎలిమినేటర్ దొరికితే దాన్ని విడిగా మల్టీమీటర్‌తో చూడు. లోడ్ లేనప్పుడు 12 దాకా చూపించినా కంగారుపడకు, అది రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) లేని రకం. ఆ వోల్టేజీని 5కి దించే పని లోపలున్న 7805 అనే రెగ్యులేటర్ చేస్తుంది. దానికి బిగించిన అల్యూమినియం రేకు బాగా వేడెక్కుతుంది. ఇన్నేళ్ల ఆ వేడికి పక్కనున్న కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. పెద్ద ఖర్చేమీ కాదు, ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ మార్పించెయ్.

అడుగు మరలు విప్పాక పైమూతని గుంజకు. రబ్బరు కీల కింద పల్చటి ప్లాస్టిక్ పొరలుంటాయి, వాటి మీద వాహక గీతలు అచ్చేసి ఉంటాయి. వందల భాగాలతో చేసే కీబోర్డుని దీని డిజైనర్ రిక్ డికిన్సన్ ఒక రబ్బరు పరుపు, ఒక పొర, ఒక రేకు స్థాయికి దించాడు. నాకు ఆ పనితనం అంటే ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ పొర నుంచి బోర్డు సాకెట్లలోకి వెళ్లే తోకలు రెండూ ఈపాటికి అప్పడంలా పెళుసై ఉంటాయి. సాకెట్ల నుంచి నిదానంగా పైకి లాగు. విరిగితే బాధపడకు, కొత్త పొరలు ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు.

ఇక అసలు చోటు. కింది 16కె మెమరీ ఎనిమిది 4116 చిప్పులది. వాటికి ఒక్క 5 వోల్టులు చాలవు. 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు కూడా కావాలి. ఈ రెండిటినీ టీఆర్4 అనే చిన్న ట్రాన్సిస్టర్, ఒక కాయిల్ కలిసి పుట్టిస్తాయి. మైనస్ 5 రాకుండా మిగతావి వస్తే చిప్పులు కాలిపోతాయి. అందుకే చిప్పు కాళ్ల మీదే కొలవాలి: 1వ కాలికి మైనస్ 5, 8కి 12, 9కి 5. తెరమీది బొమ్మ కూడా ఈ 16కెలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ లోపముంటే తెరంతా చారలు, పిచ్చి గళ్లు కనిపిస్తాయి.

మెషిన్ ఆన్‌లో ఉండగా వెనక అంచు కనెక్టర్‌కి ఏదీ పెట్టకు, తియ్యకు. ఓసారి ఓ కుర్రాడి స్పెక్ట్రమ్‌కి జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ నేనే అలా లాగాను. టీఆర్4తోపాటు మెమరీ కూడా పోయింది. ఆ కుర్రాడి ముఖం నేను మర్చిపోలేదు.

పైనున్న మిగతా 32కె మెమరీ కథ వేరు. 64 కిలోబిట్ల చిప్పుల్లో సగం చెడినవాటిని చవగ్గా కొని, బాగున్న సగాన్నే వాడుకున్నారు. అదంతా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని కొట్టు. 65535 వస్తే మొత్తం 48కె ఉన్నట్టు. 32767 వస్తే పైభాగం పలకడం లేదన్నమాట. ప్రింట్ అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు, పి నొక్కితే మాటంతా వస్తుంది. పీక్‌కి రెండు షిఫ్టులూ కలిపి నొక్కి వదిలి, ఆ తర్వాత ఇంగ్లీషు ఓ అక్షరం నొక్కు.

లోపలున్నదంతా పీకేసి కొత్త బోర్డు పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకు. అప్పుడది డబ్బా తప్ప స్పెక్ట్రమ్ కాదు.

డబ్బాలో క్యాసెట్లు కూడా ఉన్నాయన్నావు. ఆటలవి తర్వాత. మీ నాన్న చేతిరాత ఉన్నవాటిని ముందు తియ్యి. ఆటలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆయన రాసుకున్న ప్రోగ్రాములు ఆ టేపు మీద తప్ప ఇంకెక్కడా లేవు. టేప్‌రికార్డర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మొదటిసారి తిప్పేటప్పుడే ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకో. పాత టేపు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. తర్వాత జె నొక్కి లోడ్, సింబల్ షిఫ్ట్‌తో పి రెండుసార్లు, ఎంటర్. టేప్‌రికార్డర్ వాల్యూమ్ బాగా పెంచి ప్లే నొక్కు. తెర అంచుల్లో ముందు ఎరుపు, లేతనీలం చారలు నిదానంగా కదులుతాయి. పసుపు, నీలం సన్నచారలు మొదలయ్యాయంటే డేటా లోపలికి వెళ్తున్నట్టే.

ఆ చారలు కనిపించగానే మీ నాన్నని పక్కన కూర్చోబెట్టి నాకు వీడియో కాల్ చెయ్యి.

మీ మావయ్య