ఆర్‌వీ హీటర్ తెల్లవారుజామున చల్లగాలి కొడుతుంటే ముందు బ్యాటరీ చూడండి

ఆర్‌వీలో (లోపలే వండుకుని పడుకునే బండి) నెవాడా హైవే 50 మీదుగా గ్రేట్ బేసిన్ పార్కుకు వెళ్తూ ఆస్టిన్‌లో ఆగిన మీరు, సాయంత్రం సోలార్ మీటర్ 13.2 వోల్టులు చూపినా రాత్రి హీటర్ ఎందుకు పనిచేయడం లేదని అడిగారు. ప్రొపేన్ గ్యాస్ నిండుగా ఉన్నా రాత్రి 3 గంటలకు హీటర్ చల్లగాలే ఇస్తోందంటే, చాలావరకు తప్పు గ్యాస్‌ది కాదు, బ్యాటరీది. వోల్టేజ్ పడిపోతే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, ఆ గాలికి లోపలి సెయిల్ స్విచ్ (గాలి తోస్తే ఆన్ అయ్యే స్విచ్) పడదు, అది పడకపోతే బర్నర్ వెలగదు. మీరు ఆగిన ఆస్టిన్ 6,600 అడుగుల ఎత్తులో ఉంది, పగలు ఎంత ఎండ కాసినా రాత్రి చలికి ఆ ఫ్యాన్ మాటిమాటికీ తిరగాల్సిందే.

1. అందరూ పొరబడేది ఇక్కడే. సాయంత్రం మీకు కనిపించిన 13.2 వోల్టుల సోలార్ చార్జింగ్ అంకె, బ్యాటరీలో నిజంగా ఉన్నది కాదు. చీకటి పడ్డాక అన్నీ ఆపేసి, ఓ గంట ఆగి మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) పెట్టండి. లెడ్ యాసిడ్ అయితే 12.6 నిండు, 12.1 అంటే సగమే. తర్వాత హీటర్ నడుస్తుండగా మళ్లీ చూడండి, 11 దగ్గరకు జారితే కారణం దొరికినట్టే.

2. బ్యాటరీ ఆదా అయ్యేలా ఇన్వర్టర్ ఆపి పడుకోండి.

3. గ్రేట్ బేసిన్ పార్కు క్యాంపుల్లో హుకప్‌లు (బండికి కరెంట్ ఇచ్చే కనెక్షన్లు) లేవు, అందుకే ముందు రాత్రి అదే హైవే మీది ఈలీ ఊళ్లో హుకప్ ఉన్న చోట ఆగి బ్యాటరీ పూర్తిగా నింపుకోండి.

4. వోల్టేజ్ బాగానే ఉంటే సెయిల్ స్విచ్‌కి దుమ్ము పట్టిందేమో చూడండి.

అప్పటిదాకా వేడి కోసం వంట స్టవ్ మాత్రం వెలిగించకండి, మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.