పార్ట్‌నర్ పెట్టుబడి వెనక్కి ఇవ్వనంటున్నాడు, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివానండి. మీరు 10 లక్షలు పెట్టారు, మీ పార్ట్‌నర్ 2 లక్షలు పెట్టి పనంతా తనే చూసుకున్నాడు, లాభం చెరి సగం అని రాసుకున్నారు, ఇప్పుడు మీరు బయటికొస్తానంటే నష్టమొచ్చింది నీకిచ్చేదేం లేదంటున్నాడు, మీరేమో నా 10 లక్షలు వడ్డీతో సహా కట్టాల్సిందే అంటున్నారు. మీ బాధ అర్థమైంది కానీ ఇద్దరి లెక్కా తప్పే.

ముందు అగ్రిమెంట్ తీసి ఆ 10 లక్షలు పెట్టుబడిగా రాశారా, అప్పుగా రాశారా చూడండి. అప్పైతే లాభమొచ్చినా నష్టమొచ్చినా ఫర్మ్ మీకు బాకీనే, పెట్టుబడైతే నష్టంలో మీకూ వాటా ఉంటుంది. ఫర్మ్ మూసేటప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలనేది ఇండియాలో 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 48లో ఉంది, బ్రిటన్ 1890 చట్టంలోనూ ఇదే వరస: ముందు బయటివాళ్ళ బాకీలు, తర్వాత పార్ట్‌నర్లు పెట్టుబడి కాకుండా విడిగా ఇచ్చిన అప్పులు, ఆ తర్వాతే పెట్టుబడులు. వడ్డీ అంటారా, అగ్రిమెంట్‌లో లేకపోతే పెట్టుబడి మీద వడ్డీ అడగలేరు, ఉన్నా లాభంలోంచే ఇవ్వాలి. పెట్టుబడికి మించి ఇచ్చిన డబ్బుకి మాత్రం ఇండియాలో ఏడాదికి 6 శాతం వస్తుంది, వేరేగా రాసుకోకపోతే.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. నష్టం గురించి విడిగా రాసుకోకపోతే అది ఎవరెంత పెట్టారన్న లెక్కలో పడదు, లాభం ఎలా పంచుకుంటారో అలాగే పడుతుంది. బాకీలన్నీ తీర్చాక 6 లక్షలు మిగిలాయనుకుందాం, ఇద్దరూ పెట్టింది 12 కాబట్టి 6 పోయినట్టు, చెరి 3. మీకు 7 రావాలి. ఆయన పెట్టింది 2, భరించాల్సింది 3, అంటే ఇంకో లక్ష ఆయనే తెచ్చి కలపాలి! చూశారా, ఆయనన్నట్టు సున్నా కాదు, మీరన్నట్టు 10 కూడా కాదు.

అందుకే ముందు లెక్కలు అడగండి, రాతపూర్వకంగా. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, రావాల్సిన బాకీలు, ఈరోజుకి ఉన్న స్టాక్, ముఖ్యంగా ఆయన నెలనెలా ఎంత డ్రా చేశాడో. పని చేసినందుకు జీతమని అగ్రిమెంట్‌లో లేకపోతే పార్ట్‌నర్‌కి జీతం రాదు, తీసుకున్నదంతా ఆయన వాటాలోంచి తీసుకున్నట్టే రాయాలి, మీ నష్టం సగం ఇక్కడే దొరకొచ్చు. ఇద్దరికీ నమ్మకమున్న అకౌంటెంట్‌తో చూపించండి, మీ బంధువో ఆయన బంధువో వద్దు.

అంకె తేలాక వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకోండి, కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడం కన్నా మేలే, కానీ తేదీలు, ఆలస్యమైతే వడ్డీ, ఏదో ఒక హామీ కాగితం మీద ఉండాలి. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవొస్తే కోర్టు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు, ఉంటే అటే వెళ్ళాల్సొస్తుంది, దాన్ని లాయర్‌కి చూపించండి. ఇండియాలో లెక్కల కోసం దావా వేయడానికి ఫర్మ్ రద్దైన రోజు నుంచి 3 ఏళ్ళే గడువు, వచ్చే నెల చూద్దాం అంటూ ఆయన అది దాటించకుండా చూసుకోండి. అప్పటిదాకా బిజినెస్ నిలబెడదాం అని అడిగినా ఇంకో రూపాయి పెట్టొద్దు, ఈ డబ్బొస్తుందని నమ్మి ఏ ఈఎంఐ మొదలెట్టొద్దు.

ఫర్మ్ లోన్‌కి మీరు బ్యాంకులో పర్సనల్ గ్యారంటీ సంతకం పెట్టుంటే, మీరు బయటికొచ్చినంత మాత్రాన అది పోదు. సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టేముందే ఆ గ్యారంటీ నుంచి మిమ్మల్ని తప్పించినట్టు బ్యాంక్ నుంచి లెటర్ తీసుకోండి.