'నన్ను వదిలెయ్యవు కదమ్మా' అంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్ళు. రెండేళ్ళలో మూడు ఉద్యోగాలు మానేసింది. ఒక వారం ఒక స్నేహితురాలే ప్రాణం అంటుంది, మరుసటి వారం ఆ పేరెత్తితే మండిపడుతుంది. నేను ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే నలభై సార్లు చేస్తుంది. కోపమొస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. గంట తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుని 'నన్ను వదిలెయ్యవు కదమ్మా' అని ఏడుస్తుంది. సైకియాట్రిస్ట్ 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అన్నారు. నెట్‌లో చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. తనకు నాలుగేళ్ళప్పుడు నాకు జబ్బు చేసి, ఏడాదిపాటు అమ్మమ్మ దగ్గర ఉంచాం. అందువల్లే ఇలా అయిందా? మావారు ఇది పొగరు అంటారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటుందని బంధువుల మాట. ఈమధ్య ముంజేతి మీద గీతలు కూడా చూశాను. జీవితాంతం ఇంతేనా?

జవాబు: అమ్మా, చేతి మీద గీతల సంగతి ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను అక్కడే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని తర్వాతే.

అమ్మాయి కుదుటగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని సూటిగా అడగండి: 'చేతి మీద గీతలు చూశాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లిదండ్రులు నోరు కట్టేసుకుంటారు. అలా ఏమీ కాదు. అడిగేవాళ్ళు దొరికారని చాలామందికి గుండె బరువు దిగుతుంది. గాయం చేసుకునే అందరికీ చావాలని ఉండదు. భరించలేని బాధ కాసేపు తగ్గడానికి కూడా అలా చేసుకుంటారు. అయినా అలా చేసుకునేవాళ్ళలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువే కాబట్టి, 'బెదిరించడానికి చేస్తోందిలే' అని కొట్టిపారేయకండి. గీతల సంగతి డాక్టర్‌గారికి తెలియాలి. ఇంట్లో మందులు, బ్లేడ్లు ఎదురుగా ఉండకూడదు. 'అవును, చావాలని ఉంది' అంటే ఆ పూట ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక ఆ పేరు సంగతి. కోపం, అనుమానం, మొండితనం కాస్తో కూస్తో అందరి స్వభావంలోనూ ఉంటాయి. అవి బిగుసుకుపోయి, చిన్న వయసులోనే మొదలై ఏళ్ళ తరబడి, ఇంట్లో, ఆఫీసులో, స్నేహాల్లో ఎక్కడైనా ఒకేలా దెబ్బతీస్తుంటే పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం పుస్తకంలో ఇలాంటివి పది రకాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2022లో అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఈ రకాల గొడవ చాలావరకు పక్కన పెట్టింది. ముందు తీవ్రత ఎంతో చూడమంటుంది, ఆ తర్వాతే ఏ లక్షణాలు ఎక్కువో చూడమంటుంది. నాకైతే ఇదే సబబనిపిస్తుంది. మనుషులు పది డబ్బాల్లో ఇమడరు.

'బోర్డర్‌లైన్' అన్న మాట చూసి, పిచ్చికి ఒక్క అడుగు ఇవతల ఉందేమోనని భయపడి ఉంటారు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే డాక్టర్ ఈ మాట వాడేనాటికి, ఇది రెండు రకాల మానసిక జబ్బుల సరిహద్దులో ఉందని అనుకునేవాళ్ళు. ఆ ఆలోచన ఎప్పుడో పాతబడింది, పేరు మాత్రం వదల్లేదు. ఇప్పటి లెక్కలో తొమ్మిది లక్షణాలు: వదిలేస్తారన్న భయం, నెత్తిన పెట్టుకున్న మనిషినే నేలకేసి కొట్టే సంబంధాలు, తానెవరో తనకే తెలియనితనం, దుడుకుతనం, తనను తాను గాయపరచుకోవడం, గంటగంటకూ మారే మూడ్, లోపలి శూన్యం, ఆగని కోపం, ఒత్తిడిలో కాసేపు అనుమానాలు రావడమో చుట్టూ ఏదీ నిజం కాదనిపించడమో. వీటిలో ఐదుంటే చాలు. అంటే ఇదే పేరున్న ఇద్దరికి మధ్య ఒక్క లక్షణమే కలవొచ్చు. నెట్‌లో చదివిన ఎవరి కథో మీ అమ్మాయి కథ కాదని అందుకే అంటున్నాను.

ఒక సందేహం మీకు రాకపోయినా నేనే తీరుస్తాను. మూడ్ మారడం చూసి దీన్ని బైపోలార్ (ఉత్సాహం హద్దు దాటే దశ, కుంగిపోయే దశ వచ్చే జబ్బు) అని పొరబడేవాళ్ళు చాలామంది. బైపోలార్‌లో ఒక్కో దశ రోజులు, వారాలు సాగుతుంది. ఇందులో ఒక మాటకో, ఎత్తని ఫోన్‌కో గాలి దుమారం లేచి గంటల్లో దిగిపోతుంది. రెండూ కలిసి ఉండేవాళ్ళూ లేకపోలేదు. పది నిమిషాల్లో తేల్చే వ్యవహారం కాదిది. చిన్నప్పటినుంచి ఎలా ఉండేదో వివరంగా అడగకుండానే ఆ పేరు పెట్టేసి ఉంటే, ఇంకో డాక్టర్‌ను కలవడం తప్పేమీ కాదు.

అమ్మమ్మ దగ్గర ఉంచిన ఆ ఏడాది మిమ్మల్ని చాలాకాలంగా తొలిచేస్తున్నట్టుంది. దానివల్లే అయిందని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. పసితనంలో ఎడబాటు, హింస, నిర్లక్ష్యం ఈ సమస్య వచ్చే అవకాశాన్ని పెంచుతాయన్నది నిజమే. కానీ అవన్నీ అనుభవించిన పిల్లల్లో చాలామందికి ఇది రాదు, ఏ లోటూ లేకుండా పెరిగినవాళ్ళకూ వస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాల్లో పుట్టుకతో వచ్చే వాటా కూడా గట్టిగానే కనిపించింది. కొందరు పిల్లలు పుట్టడమే పల్చటి చర్మంతో పుడతారు. గాలి తగిలినా మండుతుంది, మండితే చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అలాంటి పిల్లకు ఇంట్లో రోజూ 'ఇంత చిన్నదానికే ఏడుస్తారా?' అన్న మాటే వినబడితే, తన మనసును తానే నమ్మడం మానేస్తుంది. అరిస్తే తప్ప ఎవరూ పట్టించుకోరని నేర్చుకుంటుంది. ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మిగతా పిల్లలకు ఆ మాట తగలనే తగలదు. జబ్బుపడ్డ తల్లి బిడ్డను అమ్మమ్మకు అప్పగించకపోతే ఇంకెవరికి అప్పగిస్తుంది?

వైద్యం గురించి మీకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ఈ సమస్యకని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటివరకు ఏదీ లేదు. తోడుగా డిప్రెషన్ లాంటిది ఏదైనా ఉంటే దానికి మందులు ఇస్తారు. అవి వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా ఆపకండి. అసలు పనిచేసేది మాటల వైద్యమే. ఎక్కువగా పరీక్షకు నిలిచింది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ. వారానికోసారి విడిగా ఒక సెషన్, ఇంకోటి గుంపుగా నేర్చుకునే క్లాసు, మామూలుగా ఏడాదిపాటు సాగుతుంది. ఉద్వేగం తన్నుకొచ్చినప్పుడు గాయం చేసుకోకుండా దాన్ని ఎలా దాటాలో, మనుషుల్ని పోగొట్టుకోకుండా కావలసింది ఎలా అడగాలో ఈత నేర్పినట్టు నేర్పుతారు. దీన్ని రూపొందించిన మార్షా లినెహాన్, చిన్న వయసులో తానూ తనను గాయపరచుకుని ఏళ్ళకొద్దీ ఈ బాధ పడినట్టు 2011లో అందరి ముందూ చెప్పారు. ఒడ్డు చేరిన మనిషి కట్టిన పడవ ఇది. డీబీటీ చేసేవాళ్ళు అందుబాటులో లేకపోతే తన మనసునూ ఎదుటివాళ్ళ మనసునూ అర్థం చేసుకోవడం నేర్పే మెంటలైజేషన్, చిన్నప్పటినుంచి పాతుకుపోయిన ఆలోచనల్ని మార్చే స్కీమా థెరపీ కూడా ఉన్నాయి. పేరు కంటే, వారం వారం వదలకుండా చూసే ఒకే మనిషి దొరకడం ముఖ్యం.

జీవితాంతం ఇంతేనా అన్నారు. కాదు. మేరీ జనారినీ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలోని మెక్లీన్ ఆస్పత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ రోగులను ఏళ్ళ తరబడి గమనించింది. పదేళ్ళలో నూటికి 90 మందికి పైగా కనీసం రెండేళ్ళపాటు లక్షణాల నుంచి బయటపడ్డారు. ఉద్యోగం, సంబంధాలు కూడా బాగా గాడిన పడ్డవాళ్ళు మాత్రం సగం మందే. అంటే దుమారం తగ్గడం ఒక ఎత్తు, బతుకు నిలదొక్కుకోవడం ఇంకో ఎత్తు. ఉద్యోగం కుదురుగా చేయట్లేదని ఇప్పుడే నిలదీయకండి.

ఇంట్లో ఏం చేయాలంటారా. 'నువ్వు నన్ను పట్టించుకోవు!' అని అరిచినప్పుడు 'నీకు ఏం తక్కువ చేశానే?' అని లెక్కలు తీస్తాం. ఆ క్షణంలో లెక్కలు చెవికెక్కవు. 'ఫోన్ ఎత్తకపోయేసరికి భయమేసింది కదూ' అనండి. నలభై సార్లు ఫోన్ చేయడం సబబని ఒప్పుకున్నట్టు కాదు, ఆ భయం నిజమని ఒప్పుకున్నట్టు. శాంతించాక అసలు విషయం మాట్లాడండి: 'మీటింగ్‌లో ఉంటే ఎత్తను. ఒంటిగంటకు నేనే చేస్తాను.' ఒంటిగంటకు చేసి తీరాలి. ఒకరోజు చేసి, ఒకరోజు మరిచిపోతే మాట ఇవ్వకపోవడమే నయం. సామాన్లు విసిరితే 'నువ్వు నెమ్మదించాక వస్తాను' అని పక్క గదిలోకి వెళ్ళండి, పావుగంటలో తిరిగి రండి. ఆ రావడం మరవకండి. ఇంకొకటి, గాయం చేసుకున్న రోజే ఇల్లంతా చుట్టూ చేరి, మామూలు రోజున ఎవరి పనిలో వాళ్ళుంటే అది తప్పు పాఠం నేర్పుతుంది. ఏ గొడవా లేని రోజున కూడా పక్కన కూర్చోండి.

మీవారితో వాదించి గెలవాలని చూడకండి, డాక్టర్ దగ్గరికి ఒకసారి వెంట తీసుకెళ్ళండి. పొగరున్న మనిషి గంట తర్వాత ఒళ్ళో తలపెట్టి ఏడవదని ఆయనకూ లోపల తెలిసే ఉంటుంది. అలాగని అమ్మాయి చేసేదానికి బాధ్యత లేదనడం కూడా మేలు కాదు. పగలగొట్టింది తానే ఎత్తాలి, తిట్టినందుకు తానే క్షమాపణ చెప్పాలి. కానీ గొడవలో ఎవరూ ఆ జబ్బు పేరు విసరకండి.

పెళ్ళి వైద్యం కాదు. వదిలేస్తారన్న భయమే జబ్బుకు మూలమైనప్పుడు, కొత్త మనిషిని తెచ్చి పక్కన నిలబెడితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. కుదురుకున్నాక తన ఇష్టం.

ఈసారి ఒళ్ళో తల పెట్టుకుని అదే ప్రశ్న అడిగినప్పుడు 'ఎప్పటికీ వదలను' అని ఒట్లు వేయకండి. ఒట్టు గంటకు మించి నిలవదు, మళ్ళీ అడుగుతుంది. 'ఇందాక నీ మీద కోపమొచ్చింది. అయినా ఇక్కడే ఉన్నాను. గురువారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం' అనండి. ఆ గురువారం మీకోసం కూడా డాక్టర్‌గారిని ఒక పది నిమిషాలు అడగండి. ఉత్తరమంతా వెతికినా మీరు సరిగా నిద్రపోతున్నారో లేదో ఎక్కడా రాయలేదు.